పండరి నడకకు వాన జాకెట్: ఏది కొనాలి, ఎందుకు కొనాలి

ఆషాఢంలో పండరిపురానికి నడిచి వెళ్ళాలని సంకల్పించుకున్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న చెప్పుల గురించి అయితే, రెండోది వాన గురించి. బండి మీద ఆఫీసుకు వెళ్ళేటప్పుడు వేసుకునే రెయిన్‌కోటు ఇంట్లో ఉండగా మళ్ళీ ఇంకొకటి కొనడం దేనికని వారి సందేహం. న్యాయమైన సందేహమే. దానికి జవాబు చెప్పబోతే మాట గుడ్డల రకాల మీదికి, అక్కణ్ణుంచి చెమట మీదికి పోతుంది. వెచ్చని వానలో నడిచే మనిషిని పైనుంచి పడే నీళ్ళు ఎంత తడుపుతాయో, ఒంట్లోంచి వచ్చే నీళ్ళూ అంతే తడుపుతాయి. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దుకాణంలో జాకెట్ చీటీల మీద కనిపించే అంకెలకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది.

నేను పుణే దగ్గరి ఆళంది నుంచి మొదటిసారి నడిచినప్పుడు మూడు పొరల ఖరీదైన జాకెట్ ఒకటి తీసుకెళ్ళాను. పుణే దాటిన రోజు దివే ఘాట్ అనే కొండదారి ఎక్కుతుండగా వాన పట్టుకుంది. జాకెట్ తొడుక్కుని, జిప్పు మెడ దాకా లాగి, జనంతో పాటు ముప్పావు గంట ఎక్కాను. పైకి చేరి చేతులు కిందికి వేలాడేస్తే మణికట్టు దగ్గరి పట్టీలోంచి నీళ్ళు ధారగా కారాయి. కుట్లు ఎక్కడో వదులయ్యాయని అనుకున్నాను. ఆ రాత్రి గుడారంలో జాకెట్‌ను తిరగేసి, వీపు భాగాన్ని దొన్నెలా పట్టుకుని, అందులో చెంబెడు నీళ్ళు పోసి చాలాసేపు చూశాను. అవతలివైపు ఒక్క చుక్క కూడా రాలేదు. మోచేతి కుట్ల దగ్గర కూడా అలాగే చూశాను, అక్కడా కారలేదు. అంటే నన్ను తడిపింది వాన కాదు, నా చెమటే. అదే రోజు నా పక్కన నడిచిన ఒక పెద్దాయన పాలిథిన్ పట్టా ఒకటి తల మీంచి కప్పుకుని, ముందువైపు తెరిచి ఉంచి నడిచారు. మోకాళ్ళ కింద ఆయన పూర్తిగా తడిసిపోయారు గాని, చొక్కా ఛాతీ దగ్గర పొడిగానే ఉంది.

మన ఊళ్ళలో ఇది ఎప్పటి నుంచో తెలిసిన విద్యే. నాట్లు వేసే ఆడవాళ్ళు యూరియా బస్తా ఒక మూలను రెండో మూలలోకి దూర్చి, కొప్పెర చేసుకుని, తల మీంచి వీపు మీదికి వేసుకుంటారు. వంగి పని చేసేవారికి వాన పడేది వీపు మీదనే కాబట్టి అంతవరకే కప్పి, ముందువైపును గాలికి వదిలేస్తారు. పనిచేసే ఒంటికి గాలి ఆడకపోతే వానలో తడిసినదానికన్నా ఎక్కువ తడుస్తామని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. జాకెట్ ఎంచుకునేటప్పుడు మనం చూడవలసిందీ అదే.

దారి, కాలం, వాన

ఏ జాకెట్ మంచిదన్న ప్రశ్నకు విడిగా జవాబు లేదు. ఏ దారిలో, ఏ నెలలో, ఎంత బరువుతో నడుస్తున్నామన్నది తేలిన తరువాతే అది తేలుతుంది. సంత్ జ్ఞానేశ్వరుల పాదుకలు మోసే పల్లకి ఆళంది నుంచి బయలుదేరి పుణే, సాస్వడ్, జేజురి, లోణంద్, ఫల్టణ్, మాళశిరస్, వేళాపూర్ మీదుగా వాఖరి చేరి, తొలి ఏకాదశికి పండరిపురంలో ప్రవేశిస్తుంది. తుకారాం పల్లకి దేహూలో బయలుదేరి బారామతి, ఇందాపూర్, అక్లూజ్ మీదుగా వస్తుంది. జ్ఞానేశ్వరుల దారి సుమారు 250 కిలోమీటర్లు, దాదాపు మూడు వారాల నడక. పుణే నుంచి సాస్వడ్ వెళ్ళే రోజు అన్నిటికంటే పొడవైనది. దివే ఘాట్ ఎక్కడం కూడా ఆ రోజే.

తిథి ప్రకారం నడిచే యాత్ర కాబట్టి ఇంగ్లీషు తేదీలు ఏటా జరుగుతుంటాయి, వాటితో పాటు వానా మారుతుంది. తొలి ఏకాదశి 2023లో జూన్ 29న, 2024లో జూలై 17న, 2025లో జూలై 6న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల జూలై 25కి జరిగింది. 2023లో రుతుపవనాలు ఆలస్యమై జూన్ 25న గాని ముంబయికి చేరలేదు, కాబట్టి ఆ ఏడాది యాత్రికులు చాలా రోజులు మండుటెండలోనే నడిచారు. 2025లో అవి మే 24నే కేరళను తాకి, మే 26కల్లా ముంబయికి వచ్చేశాయి. అందుకే జాకెట్ కొనేముందు పంచాంగంలో ఏకాదశి ఎప్పుడో చూసుకోవడం కూడా ఎంపికలో భాగమే. ఏకాదశి జూలై చివరికి జరిగిన ఏడు వానకు సిద్ధపడాలి. జూన్‌లోనే వచ్చిన ఏడు ఎండకూ అంతే సిద్ధపడాలి.

దారి భూగోళం కూడా ఇందులో ముఖ్యమైనదే. పుణే, సాస్వడ్ దాకా సహ్యాద్రి దగ్గరగా ఉంటుంది కాబట్టి జల్లులు తరచుగా పడతాయి. అక్కణ్ణుంచి తూర్పుకు పోయేకొద్దీ కొండల అవతలి వానచాటు నేల వస్తుంది. ఫల్టణ్ దాటాక వాన తగ్గుతుంది, పడినప్పుడు మాత్రం ఒక్కసారిగా కుండపోతగా పడి ఆగిపోతుంది. అంటే మూడు వారాల్లో ఎక్కువ గంటలు జాకెట్ ఉండేది ఒంటి మీద కాదు, సంచిలో. ఎక్కువసేపు మోసి తక్కువసేపు తొడిగే వస్తువుకు బరువు, మడత పరిమాణం ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. దిండీలో, అంటే భజన చేస్తూ కలిసి నడిచే యాత్రికుల బృందంలో, చేరి నడిచేవారి పరుపులు, బట్టలు లారీలో వస్తాయి. భుజాన ఉండేది చిన్న సంచీ మాత్రమే. జాకెట్ మడిస్తే నీళ్ళ సీసా పక్కన ఇమడాలి. అందువల్ల నేను పెట్టుకున్న హద్దు 250 గ్రాములు. 350 గ్రాముల పైబడినది ఎంత మంచిదైనా ఈ నడకకు వద్దనే చెబుతాను.

బండి రెయిన్‌కోటు ఇక్కడే వెనకబడుతుంది. చొక్కా, ప్యాంటు కలిపి దాదాపు కిలో బరువు ఉంటాయి. అది కూర్చుని ప్రయాణం చేసే మనిషికి, ఎదురుగాలి ఒంటిని చల్లబరుస్తుండగా వాడడానికి తయారైన వస్తువు. నడిచే మనిషికి ఎదురుగాలి లేదు. ఒళ్ళే పొయ్యిలా వేడెక్కుతుంది. ఒక్క రోజు వేసుకుని పది కిలోమీటర్లు నడిచినవారు రెండో రోజు దాన్ని లారీలో పడేస్తారు.

అంకెలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

జాకెట్ చీటీ మీద రెండు రకాల అంకెలు కనిపిస్తాయి. మొదటిది నీటి ఒత్తిడిని గుడ్డ ఎంత తట్టుకుంటుందన్నది, మిల్లీమీటర్లలో. 10,000 అని ఉంటే ఆ గుడ్డ మీద పది మీటర్ల నీటి స్తంభం నిలబెట్టినంత ఒత్తిడి దాకా అవతలికి నీరు దిగదని అర్థం. ఆకాశం నుంచి పడే చినుకు ఒత్తిడి దీంతో పోలిస్తే చాలా తక్కువ. ఒత్తిడి పెరిగేది బరువైన సంచి పట్టీల కింద, తడి నేల మీద కూర్చున్నచోట. పది పన్నెండు కిలోల సంచి మోసేవారికి 10,000 కావాలి గాని, చిన్న సంచితో నడిచే వార్కరీకి (పండరి యాత్రికుడికి) 5,000 చాలునని నా అభిప్రాయం. 20,000, 28,000 అని రాసి ఉన్నవాటికి అదనంగా చెల్లించే డబ్బుకు ఈ దారిలో ప్రతిఫలం దొరకదు.

రెండో అంకె ఆవిరి బయటికి పోయే సామర్థ్యం. ఒక చదరపు మీటరు గుడ్డలోంచి ఇరవైనాలుగు గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి పోతుందో కొన్ని కంపెనీలు రాస్తాయి. 10,000 గ్రాములు అని ఉంటే గంటకు సుమారు 415 గ్రాములన్నమాట, అదీ ప్రయోగశాలలో, అనుకూలమైన పరిస్థితుల్లో. ఉక్కపోతలో ఘాట్ ఎక్కే మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పడుతుంది. చీటీ మీది లెక్క పూర్తిగా నిజమైనా చెమట మిగిలిపోతుంది. పైగా ఈ పరీక్షకు ఒకటికన్నా ఎక్కువ పద్ధతులు ఉన్నాయి. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను ఇంకో పద్ధతిలో వచ్చిన అంకెతో పోల్చకూడదు, కాబట్టి రెండు కంపెనీల జాకెట్లు పక్కపక్కన పెట్టి ఏ అంకె పెద్దదైతే అది కొనడం సరైన పద్ధతి కాదు. ఆర్.ఇ.టి. అనే కొలత రాసి ఉంటే అది కొంత నమ్మదగినది. ఆవిరికి గుడ్డ ఎంత అడ్డుపడుతుందో అది చెబుతుంది కనుక తక్కువ ఉంటే మంచిది: 6 లోపు చాలా మేలైనది, 20 దాటితే ఆవిరి ఆడనట్టే.

అయితే ఎంత మేలైన పొర అయినా వెచ్చని వానలో సగం పనే చేస్తుంది, దానికి కారణం గుడ్డలో లేదు, గాలిలో ఉంది. ఆవిరి జాకెట్ లోపలి నుంచి బయటికి పోవాలంటే లోపలి ఆవిరి ఒత్తిడి బయటికన్నా ఎక్కువ ఉండాలి. ఆ తేడాయే దాన్ని నెడుతుంది. ముప్పై అయిదు డిగ్రీల చెమట పట్టిన చర్మం దగ్గర ఆ ఒత్తిడి సుమారు 56 మిల్లీబార్లు. బయట పది డిగ్రీల చలివాన ఉంటే గాలిలో ఉండేది 11 మిల్లీబార్లు మాత్రమే; తేడా 45. అదే జూలైలో, సాస్వడ్ దగ్గర ఇరవై ఆరు డిగ్రీల వానలో, గాలిలోనే 32 మిల్లీబార్లు ఉంటే తేడా 24 దాకా పడిపోతుంది. చలి దేశాల్లో తయారై, అక్కడి కొండల మీద పరీక్షకు నిలిచిన జాకెట్ మన దగ్గరికి వచ్చేసరికి దాన్ని పనిచేయించే శక్తే సగానికి తగ్గుతోంది. నా మూడు పొరల జాకెట్‌లో లోపం లేదు. నేను దాన్ని తప్పుచోటికి తీసుకెళ్ళాను.

కాబట్టి గుడ్డలోంచి ఆవిరి పోవడం మీద ఆశ పెట్టుకోకుండా, తెరిచిన చోట్ల నుంచి గాలి ఆడడం మీద దృష్టి పెట్టాలి. చంకల కింద పొడవాటి జిప్పులు, పైనా కిందా రెండు చోట్ల నుంచి తెరుచుకునే ముందు జిప్పు, మణికట్టు దగ్గర వెడల్పు పట్టీ, ఒంటికి అంటుకోని వదులు కుట్టు, ఈ నాలుగూ ఉన్న మామూలు జాకెట్ ఇవేవీ లేని ఖరీదైన జాకెట్ కన్నా ఈ దారిలో మెరుగు. చంక జిప్పులు ముప్పై నలభై గ్రాములు పెంచుతాయని వాటిని తీసేసి తేలిక అని అమ్మే రకాలున్నాయి. ఆ ముప్పై గ్రాముల దగ్గర పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను.

గుడ్డల పోలిక

దుకాణంలో కనిపించేవాటిలో అన్నిటికన్నా చవక, పాలిస్టర్ గుడ్డకు లోపలివైపు పాలీయూరిథేన్ పూత వేసిన పలుచని జాకెట్. డెకాథ్లాన్ వంటి దుకాణాల్లో రెండు వేల రూపాయల లోపే దొరుకుతుంది. ఆవిరి పెద్దగా ఆడదు, కాని తేలిక, గట్టిదనం పరవాలేదు. ఒక సైజు పెద్దది తీసుకుని, ముందు జిప్పు సగం తెరిచి వాడితే ఈ నడకకు సరిపోతుంది. కొనేముందు లోపలివైపు తిప్పి కుట్లను చూడండి: ప్రతి కుట్టు మీదా సన్నని పారదర్శకమైన టేపు అతికి ఉండాలి. భుజం కుట్టు మీద టేపు ఉండి, హుడ్ (తలను కప్పే భాగం) కుట్టు మీద లేకపోవడం చవక రకాల్లో ఉంటుంది. అలాంటిదైతే పావుగంటలో మెడ వెనక నుంచి నీరు దిగుతుంది.

దాని పైమెట్టు రెండున్నర పొరల జాకెట్. బయటి గుడ్డ, దాని లోపల పలుచని పొర, ఆ పొరను కాపాడడానికి లోపలివైపు గీతలుగానో చుక్కలుగానో ముద్రించిన అర పొర. అవుట్‌డోర్ రీసెర్చ్ వారి హీలియం ఈ కోవలోదే, సుమారు 180 గ్రాములు. అరచేతిలో పట్టేంత మడత. తేలికదనంలో దీనికి సాటి తక్కువే గాని, పొట్టి చేతుల చొక్కా మీద వేసుకుంటే లోపలి పొర మోచేతుల కింద చర్మానికి తడిగా అంటుకుంటుంది. చేయి పైకెత్తిన ప్రతిసారీ దాన్ని చర్మం మీంచి ఊడదీయవలసి వస్తుంది. తాళాలు వాయిస్తూ నడిచేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. పలుచని పొడుగు చేతుల చొక్కా లోపల వేసుకుంటే చాలావరకు తీరుతుంది.

మూడు పొరల జాకెట్ గట్టిది, లోపల మెత్తని అల్లిక ఉండడం వల్ల చర్మానికి అంటుకోదు, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. పటగోనియా టొరెంట్‌షెల్ మూడు పొరలది 400 గ్రాముల దరిదాపు. ధర చాలాసార్లు పది వేలు దాటుతుంది. ఇతర యాత్రలకు ఇదే ఉత్తమమని తరువాత చెబుతాను. పండరి దారికి మాత్రం ఇది మోసే బరువుకు తగ్గ పని చేయదు.

నాలుగో రకం మన దుకాణాల్లో అరుదుగా గాని కనిపించదు, నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది ఇదే. నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డను సిలికాన్‌తో తడిపి చేసినది. ఆవిరి అసలు ఆడదు. ఆడుతుందని ఎవరూ చెప్పరు కూడా. అందుకే దీన్ని కుట్టేవారు మొదటి నుంచీ పెద్ద చంక జిప్పులు పెట్టి, వదులుగా కుడతారు. 150 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. నీరు గుడ్డ పైపొరలోకి ఇంకదు కాబట్టి జాడిస్తే చాలు, మడిచి సంచిలో పెట్టవచ్చు. మిగతా రకాలకు లేని మేలు ఇది, మూడు వారాల నడకలో దీని విలువ రోజుకు నాలుగుసార్లు తెలుస్తుంది. నైలాన్ తడిస్తే కొంచెం సాగుతుంది కనుక రెండింటిలో పాలిస్టర్ మేలు.

ఆ ఇంకడం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. కొత్త జాకెట్ మీద నీళ్ళు పోస్తే తామరాకు మీద లాగా పూసలై జారిపోతాయి. ఇది లోపలి పొర గొప్ప కాదు, బయటి గుడ్డకు పట్టించిన నీటిని జార్చే మందు గొప్ప. అది అరిగితే బయటి గుడ్డ నీటిని పీల్చి నల్లబడి బరువెక్కుతుంది. లోపలికి నీరు దిగకపోయినా ఆవిరి దారి మూసుకుపోయి, జాకెట్ చల్లగా ఒంటికి తగిలి, కారుతోందన్న భ్రమ కలుగుతుంది. మెడ పట్టీ, భుజాల దగ్గర ఇది ముందుగా అరుగుతుంది. చెమట, తలనూనె, నుదుటి నుంచి జారిన బుక్కా (నల్లని సుగంధపు పొడి) కలిసి అక్కడే పేరుకుంటాయి. ఇదివరకు ఈ మందులో ఫ్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి నేలలో, నీటిలో చాలా కాలం విచ్ఛిన్నం కాక నిలిచిపోతాయని తేలడంతో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి 1 నుంచి దుస్తుల్లో వాటి అమ్మకాన్ని నిషేధించాయి. కంపెనీలు కొత్త మందులకు మారాయి, అది మంచిదే. అయితే కొత్తవి నూనె మరకను తట్టుకోలేవు. అందువల్ల ఇప్పుడు వచ్చే జాకెట్లను ఇదివరకటికన్నా తరచుగా ఉతకాలి.

జాకెట్టా, పాంచోనా, గొడుగా

తన సంచి తానే మోసుకుని, దిండీతో సంబంధం లేకుండా నడిచేవారికి పాంచో, అంటే తల దూర్చి ఒంటి మీంచి వేలాడేసుకునే చేతుల్లేని వాన కప్పు, జాకెట్ కన్నా మేలు. సంచిని కూడా కప్పుతుంది, కింద నుంచి గాలి ధారాళంగా ఆడుతుంది, రాత్రి పక్క కింద పరుచుకోవచ్చు. దాని బలహీనత గాలి. దివే ఘాట్ మలుపుల్లో గాలి విసిరితే పాంచో తెరచాపలా లేచి మొహం మీద పడుతుంది. నడుముకు తాడు కట్టుకుంటే అదుపులో ఉంటుంది గాని, అప్పుడు గాలి ఆడడం తగ్గుతుంది. జనం ఒత్తుకుని నడిచేచోట పక్కవారి కాళ్ళకు, వెనకవారి కర్రకు తగులుకుంటుంది.

గొడుగు ఎండకూ వానకూ పనికొస్తుంది, ఒంటికి ఏదీ అంటదు, 200 నుంచి 250 గ్రాముల్లో గట్టివి దొరుకుతాయి. ఫల్టణ్ దాటిన తరువాతి ఎండలో అది నిజంగా వరమే. కాని దిండీలో వరుసకు నలుగురైదుగురు నడుస్తారు. గొడుగు చువ్వ పక్కవారి కంటి ఎత్తులో ఉంటుంది. చేతుల్లో తాళాలు ఉన్నవారికి, భుజాన పతాక మోసేవారికి, తల మీద తులసి కోట పెట్టుకుని నడిచే తల్లులకు గొడుగు పట్టే చేయి ఎక్కడిది? నేను రెండోసారి వెళ్ళినప్పుడు జాకెట్, చిన్న గొడుగు రెండూ తీసుకెళ్ళాను. భజనలో ఉన్నంతసేపు జాకెట్, విడిగా నడిచేటప్పుడు గొడుగు. రెండూ కలిపి 400 గ్రాములు దాటలేదు.

దారి పొడవునా అమ్మే పలుచని పాలిథిన్ పట్టాలు, ఒక్కసారి వాడి పారేసే రెయిన్‌కోట్లు చవకే. గాలి ఆడడంలో పట్టాకు వంక పెట్టలేం. పలుచని రెయిన్‌కోట్లు మాత్రం రెండు రోజుల్లో చంక దగ్గర చిరిగి, పల్లకి వెళ్ళిపోయాక పొలాల గట్ల మీద పడి ఉంటాయి. మన కాలి కింద నేల ఆ ఊరి రైతుది. పట్టాయే వాడదలచినవారు ఇంటి నుంచే మందమైనది ఒకటి కొలతకు కోయించుకుని తెచ్చుకుంటే, అది మూడు వారాలూ నిలుస్తుంది, తిరిగి ఇంటికీ వస్తుంది.

హుడ్ గురించి ఒక మాట. అంచు కొంచెం గట్టిగా, ముందుకు పొడుచుకు వచ్చి ఉండాలి, లేకపోతే కళ్ళద్దాలు పెట్టుకునేవారికి దారి కనపడదు. తల తిప్పితే హుడ్ కూడా తలతో పాటు తిరగాలి. పల్లకి దారిలో నీళ్ళ ట్యాంకర్లు, దిండీల లారీలు వెనక నుంచి వస్తుంటాయి. తల తిప్పినప్పుడు కన్ను హుడ్ లోపలి గుడ్డలోకి పోతే అది ప్రమాదం. ఇదే కారణంగా రంగు కూడా పసుపో నారింజో తీసుకోమంటాను. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరే రోజుల్లో ముదురు నీలం జాకెట్ డ్రైవరు కంటికి ఆనదు.

ఇక డబ్బు పరిమితంగా ఉన్నవారికి నా సలహా: ముందు సంచిని కాపాడుకోండి. ఇరవై ఆరు డిగ్రీల వానలో ఒళ్ళు తడిస్తే అపాయం లేదు, అరగంటలో ఆరుతుంది. తడిసిన దుప్పటి, తడిసిన ఫోను, తడిసిన మందుల పొట్లం ఆరవు. సంచి లోపల మందమైన ప్లాస్టిక్ కవరు ఒకటి వేసి, మూతిని మెలితిప్పి ముడేస్తే యాభై రూపాయల్లో పని అవుతుంది. సంచి పైన తొడిగే కవరు కన్నా ఇదే నమ్మకం, ఎందుకంటే పై కవరు వీపువైపు ఉండదు, నీరు పట్టీల వెంబడి అక్కణ్ణుంచే దిగుతుంది.

దారి మారితే

ఇంతవరకు చెప్పినది వెచ్చని వానకు. అమర్‌నాథ్‌కో హేమకుండ్ సాహిబ్‌కో జూలై, ఆగస్టుల్లో వెళ్ళేవారికి ఈ సలహా తిరగబడుతుంది. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాన చలివాన, కొన్నిసార్లు మంచు కలిసిన వాన. తడిసిన ఒళ్ళు అరగంటలో ఆరదు, వణుకు మొదలై ప్రాణం మీదికి రావచ్చు. ఆవిరి ఒత్తిడి తేడా ఎక్కువ ఉంటుంది కాబట్టి మూడు పొరల జాకెట్ అక్కడ ధరకు తగ్గ పని చేస్తుంది. దానికి తోడు వాన ప్యాంటు, లోపల ఉన్ని లేదా ఫ్లీస్ చొక్కా తప్పనిసరి. అక్కడ 400 గ్రాములు బరువు కాదు.

అమెరికాలో ఉండి అపలాచియన్ ట్రైల్‌లో కొంత భాగం నడవాలనుకునే మనవారు ఉన్నారు. 3,500 కిలోమీటర్ల ఆ దారిలో ఫ్రాగ్ టాగ్స్ కంపెనీ నేయని పాలీప్రొపిలీన్ గుడ్డతో చేసే చవక జాకెట్ బాగా వాడుకలో ఉంది. తేలిక, ఆవిరి కూడా ఆడుతుంది, ముళ్ళ కొమ్మ తగిలితే మాత్రం కాగితంలా చిరుగుతుంది. నడిచేవారు అంటుకునే టేపు వెంట తీసుకెళ్తారు. తూర్పు అమెరికా వేసవి ఉక్కకు అది తెలివైన ఎంపికే.

కొన్న తరువాత

పాలీయూరిథేన్ పూత ఉన్న జాకెట్‌కు మన వాతావరణమే శత్రువు. తేమ దాన్ని నెమ్మదిగా విడగొడుతుంది. నా దగ్గరున్న రెండున్నర పొరల జాకెట్‌ను యాత్ర నుంచి వచ్చాక మడిచి, దాని సంచిలోనే దూర్చి అటక మీద పెట్టేశాను. మూడో ఏడు తీసేసరికి లోపలివైపు జిగటగా, పుల్లటి వాసనతో ఉంది. తొడిగి విప్పితే చొక్కా నిండా తెల్లటి పొట్టు. తప్పు నాదే. నడక నుంచి రాగానే గోరువెచ్చని నీళ్ళలో, నురగ తక్కువ వచ్చే ద్రవసబ్బుతో ఉతికి, నీడలో ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టి, బీరువాలో హ్యాంగరుకు తగిలించి ఉంచాలి. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవం దగ్గరికి రానివ్వకూడదు. అది నీటిని జార్చే మందును చెడగొడుతుంది. ఉతికాక చీటీ మీద అనుమతి ఉంటే, పైన పలుచని గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే ఆ మందు మళ్ళీ కొంత పనిచేస్తుంది.

కొన్న రోజే రెండు పరీక్షలు చేయండి. మొదటిది, జాకెట్ తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, బాత్రూంలో షవరు కింద పది నిమిషాలు నిలబడడం. లోపల లేతరంగు చొక్కా వేసుకుంటే నీరు ఎక్కడ దిగిందో మరకే చెబుతుంది. రెండోది ముఖ్యమైనది: మొదటి పరీక్ష నాటి తడి ఆరిన తరువాత అదే జాకెట్‌తో అపార్టుమెంటు మెట్లు ఆగకుండా పదిహేను నిమిషాలు ఎక్కి దిగడం, ముందు జిప్పు మూసి ఒకసారి, చంక జిప్పులు పూర్తిగా తెరిచి ఇంకోసారి. రెండింటికీ మీ చొక్కా వీపు మీద తేడా తెలియకపోతే ఆ జిప్పులు అలంకారానికి పెట్టినవే. కొనేటప్పుడే ఎన్నాళ్ళలోపు, ఏ పరిస్థితిలో తిరిగి తీసుకుంటారో అడిగి బిల్లు మీద రాయించుకుని ఉంటే, గడువులోపు జాకెట్‌ను తీసుకెళ్ళి ఇచ్చేసి, దాని చోట ఒక సైజు పెద్దది, వదులైనది అడగండి.